సంతకం వచ్చింది సరే, బతుకు మారిందా?

(గరికపాడు పల్లెలో రాత్రిబడి కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రిబడి లెక్క చెప్పమంటే ఏం చెప్తాం? ఇంతమంది చేరారు, ఇంతమందికి సంతకం వచ్చింది, ఇన్ని పలకలు పంచాం అంటాం. ఇది పలకల లెక్క. మరి బతుకు లెక్క ఏదీ?

వేలిముద్ర వేసేవాడికి భయం ఉంటది. "ఏం రాశారయ్యా ఇందులో?" అని నలుగుర్ని అడుగుతాడు. సంతకం ఒక్కటే నేర్చినవాడికి ఆ దారీ మూస్తారు. "నీకు చదువొచ్చుగా, పెట్టు" అంటారు. నోటు మీద వడ్డీ ఎంత రాశారో చదవలేనివాడికి ఆ సంతకమే ఉరితాడు. సంతకాలు లెక్కపెట్టి చదువొచ్చిందనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టినప్పుడు నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, నూరు దాకా అంకెలు రావాలి అన్నారు. తన లేమికి కారణం తెలుసుకోవాలి, సంఘంగా కూడి దాన్ని పోగొట్టుకోవాలి అని కూడా రాశారు. మొదటిదానికి పరీక్ష పెట్టొచ్చు. రెండోదాన్ని ఎట్లా కొలుస్తారు?

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు. అక్షరదీపం బడిలో సారా మీద పాఠం చదివి, 1992లో సారాకొట్టు మీదికి కదిలారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పని ఏ మార్కుల కాగితంలో ఇముడుతుంది?

ఇంకోమాట. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 44 మంది అక్షరాస్యులు. దళితుల్లో సుమారు 32 మందే. ఊరంతటికీ ఒకే సగటు తీస్తే మన పల్లె కనపడదు. పల్లె లెక్క వేరే, అందులో ఆడవాళ్ల లెక్క వేరే రాయాలి.

ఎట్లా రాయాలి? బడిలో చేరిన రోజే ఒక నోటుపుస్తకంలో నాలుగు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టండి. పత్తితీత, మిరపకోత కూలి లెక్క తానే చూసుకుంటుందా, మేస్త్రి చెప్పిందే వింటుందా? అప్పునోటు, బ్యాంకు పుస్తకం ఎవరు చదువుతున్నారు? గ్రామసభలో నోరు విప్పిందా? ఊళ్లో ఆమెను పేరుపెట్టి పిలుస్తున్నారా, "ఒసేయ్" అంటున్నారా? బడి ముగిశాక ఒకసారి, ఏడాది తర్వాత ఇంకోసారి ఇవే అడగండి.

కూలి పెరిగితే బడి వల్లేనని చంకలు గుద్దుకోవద్దు. ఆ ఏడు పంట బాగుండి అందరికీ పెరిగి ఉండొచ్చు. అందుకే బడికి రాని పక్కింటామెనూ మొదటి నుంచీ అవే ప్రశ్నలు అడగండి. ఈమె ఎంత మారింది, ఆమె ఎంత మారిందో చూస్తే బడి చేసిన మేలు కొంతైనా తెలుస్తది. మానేసినవాళ్ల పేర్లు కొట్టేయొద్దు. వలస పోయారా, రాత్రి వంట వదల్లేదా, ఎగతాళికి సిగ్గుపడ్డారా రాయండి. ఆ పేర్లు కొట్టేస్తే బడి గెలిచినట్టే కనపడుతుంది, మనం ఓడిపోతాం.

అక్షరం భూమి పంచదు. పట్టా ఎవరి పేరున ఉందో మాత్రం చదివి చూపిస్తది. ఆ తర్వాత అడగడం మన పని. కొలబద్ద మన చేతిలోకి తీసుకుందాం. ఆ పుస్తకం ఈ రాత్రే మొదలుపెడదాం.

జై భీమ్!