కంటినిండా నిద్ర - ఒంటికి తగిన బరువు

(మహిళల కోసం ప్రసంగ పాఠం)



ఉప్పల్‌లో, నాచారంలో తెల్లవారకముందే లేచేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లే. టిఫిన్ బండి పెట్టే ఆమె మూడున్నరకే లేవాలి. చట్నీ నూరాలి, సాంబారు కాచాలి. నాచారం పారిశ్రామికవాడలో పొద్దుటి షిఫ్టుకు పోయే ఆమె నాలుగున్నరకు లేవాలి. వంట చేసి, డబ్బాలు కట్టి, ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి. రాత్రి అందరూ పడుకున్నాక గిన్నెలు తోమి, వంటిల్లు సర్దేది కూడా వాళ్లే. అప్పటికి పదకొండు అవుతుంది.

లెక్క వేయండి. నిద్రకు మిగిలింది ఎంత? ఒకామెకు నాలుగున్నర గంటలు. ఇంకొకామెకు ఐదున్నర గంటలు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు.

ఇలాంటి ఆడవాళ్లలో చాలామంది ఒక మాట అంటారు. "తినేది ఇంతే. పొద్దస్తమానం పనే. అయినా ఒళ్లు వస్తూనే ఉంది." అది విని నవ్వేవాళ్లు ఉన్నారు. "చాటుగా తింటుంది" అని ఆడిపోసుకునేవాళ్లూ ఉన్నారు. అది తప్పు. బరువుకూ నిద్రకూ గట్టి సంబంధం ఉంది.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది

మన ఒంట్లో ఆకలిని నడిపే రసాలు ఉన్నాయి. వాటిని హార్మోన్లు అంటారు. గ్రెలిన్ అనే హార్మోను "ఆకలిగా ఉంది, తిను" అని మెదడుకు చెబుతుంది. లెప్టిన్ అనే హార్మోను "చాలు, ఆపు" అని చెబుతుంది.

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరీక్ష చేసి, 2004లో ఫలితం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఇంకోసారి రెండు రాత్రులు పదేసి గంటలు పడుకోనిచ్చారు. నిద్ర తగ్గినప్పుడు "తిను" అనే గ్రెలిన్ నూటికి 28 వంతులు పెరిగింది. "చాలు" అనే లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గింది. తీపి మీదకు, ఉప్పటి చిరుతిళ్ల మీదకు మనసు పోయింది.

ఇక్కడ జరిగేదీ అదే. నిద్ర చాలని మనిషికి పది, పదకొండింటికి కళ్లు మూతలు పడతాయి. చక్కెర వేసిన టీ తాగుతుంది. దానితోపాటు రెండు బిస్కెట్లో, ఒక మిర్చి బజ్జీయో తింటుంది. సాయంత్రం మళ్లీ అంతే. ఇది తిండిపోతుతనం కాదు. ఒళ్లు నిద్ర అడుగుతోంది. దానికి తిండి దొరుకుతోంది.

అదే విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఇంకో సంగతి చెప్పారు. బరువు ఎక్కువై, నిద్ర తక్కువైన 80 మందిని తీసుకున్నారు. కొందరికి నిద్ర పెంచుకునే పద్ధతి నేర్పారు. వాళ్లు రాత్రికి గంటకు పైగా ఎక్కువ పడుకున్నారు. తిండి తగ్గించమని ఎవరూ చెప్పలేదు. అయినా మిగతావాళ్లతో పోలిస్తే వాళ్ల తిండి రోజుకు 270 కేలరీలు తగ్గింది. అంటే దాదాపు మూడు చిన్న చపాతీలు.

బరువు పెరిగితే నిద్ర చెడుతుంది

బరువు పెరిగితే గొంతు చుట్టూ, నాలుక మొదట్లో కూడా కొవ్వు చేరుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. గాలి పోయే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి పోయేటప్పుడు వచ్చే చప్పుడే గురక.

ఒక్కోసారి ఆ దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడుతుంది. మనిషి ఉక్కిరిబిక్కిరై గాలి పీల్చి, మళ్లీ నిద్రలోకి జారుతుంది. ఇలా రాత్రికి ఎన్నోసార్లు జరగవచ్చు. పొద్దున ఆమెకు ఏమీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు బరువుగానే ఉంటుంది. ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు.

గురక పెట్టేవాళ్లందరికీ ఈ జబ్బు ఉందని కాదు. సన్నగా ఉన్నవాళ్లకు రాదనీ కాదు. అయితే బరువు ఎక్కువైతే దీని భయం ఎక్కువ. ముట్లు ఆగిన తర్వాత కూడా ఎక్కువ.

"ఆడదానికి గురకేమిటి?" అని నవ్వుతారని చాలామంది దాచిపెడతారు. పక్క ఊరికి పోతే రాత్రి అక్కడ పడుకోవడానికి కూడా సిగ్గుపడతారు. గురక సిగ్గుపడే సంగతి కాదు, చూపించుకోవలసిన సంగతి. ఈ జబ్బును వదిలేస్తే రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బుకు, పక్షవాతానికి దారి తీయవచ్చు. మిషను ముందు పనిచేసే మనిషి కునుకు తీస్తే చేతివేళ్లకే ప్రమాదం.

ఈ గుర్తులు ఉంటే డాక్టరుకు చెప్పండి:

- రోజూ గట్టిగా గురక రావడం
- నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పడం
- పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం
- పగలు కూర్చున్నచోటే కునుకు రావడం

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికులకు నాచారంలో ఆసుపత్రి ఉంది. బస్తీ దవాఖానాలో రక్తపోటు, చక్కెర ఉచితంగా చూస్తారు. అక్కడ నిద్ర సంగతి కూడా దాచకుండా చెప్పండి. అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష ఉంది. ముక్కుకు తొడుగు పెట్టి గాలి అందించే మిషను ఉంది. బరువు తగ్గడం కూడా మందులాగా పనిచేస్తుంది. అమెరికాలో కొందరిని కొన్నేళ్లు గమనించి, 2000లో ఒక సంగతి చెప్పారు. బరువులో పదో వంతు తగ్గితే, ఊపిరి ఆగడం సుమారు నాలుగో వంతు తగ్గింది. 70 కిలోల మనిషికి పదో వంతు అంటే 7 కిలోలు.

బరువు ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ పోయే దారిలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఇది 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఒకప్పుడు ఆకలి, రక్తహీనత ఇవే దాని పెద్ద సమస్యలు. అవి ఇంకా పోలేదు. వాటి పక్కనే బరువు సమస్య వచ్చి కూర్చుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100 మందికి 30 మంది అధిక బరువుతో ఉన్నారని తేలింది.

టైలరు టేపుతో నడుము కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలి.

ఏం చేయాలి?

- రోజూ ఒకే వేళకు పడుకోండి, ఒకే వేళకు లేవండి. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు పగలు కిటికీకి మందపాటి గుడ్డ కట్టి పడుకోండి.
- సాయంత్రం తర్వాత టీ మానండి. పడుకునేముందు ఫోను పక్కన పెట్టండి.
- పడుకోవడానికి రెండు, మూడు గంటల ముందే అన్నం తినండి. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి.
- గురక ఉన్నవాళ్లు వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి.
- సొంతంగా నిద్రమాత్రలు కొని మింగవద్దు. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. "త్వరగా పడుకో" అని చెప్పడం తేలిక. గిన్నెలు ఎవరు తోముతారు? నీళ్లు ఎవరు పడతారు? ఇంట్లో మగవాళ్లు, పిల్లలు తలా ఒక పని అందుకుంటే ఆమెకు గంట మిగులుతుంది. ఆ గంట నిద్ర ఆమె ఆరోగ్యం. నిద్ర సోమరితనం కాదు. తిండిలాగే, నీళ్లలాగే అది ఒంటి హక్కు.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? ఎన్నింటికి లేస్తారు? వారం రోజులు కాగితం మీద రాయండి.
2. మీ ఇంట్లో రాత్రి పనులు ఏమిటి? ఒక్కొక్క పని పక్కన ఎవరు చేయగలరో వాళ్ల పేరు రాయండి.
3. మీ సంఘంలో గురకతో బాధపడేవాళ్లు ఉన్నారా? దవాఖానాకు వాళ్లకు తోడుగా ఎవరు పోతారు?