నొప్పి లేని గడ్డ


నొప్పి ఉంటేనే జబ్బని మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. రొమ్ము విషయంలో ఆ నమ్మకమే కీడు చేస్తున్నది. క్యాన్సర్ గడ్డ తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు. గట్టిగా, అంచులు తేలక, వేలితో నెట్టినా సులువుగా కదలని గడ్డను అనుమానించవలెను. చర్మం సొట్టపడినా, నారింజ తొక్కవలె మందమైనా, చనుమొన కొత్తగా లోనికి పోయినా, దాని నుండి రక్తం కారినా అంతే.

చంకను తడిమి చూడనిదే పరీక్ష పూర్తి కాదు. చేతికి పుండైతే చంకలో బిళ్ల కట్టడం సహజం. అది నొప్పి పెడుతుంది, పుండు మానిన పిదప తగ్గుతుంది. నొప్పి లేకుండా గట్టిపడి, ఒకదానికొకటి అతుక్కున్న బిళ్లల సంగతి వేరు. మెడ దిగువన కాలరు ఎముకపై తగిలేవి మరింత అనుమానాస్పదం.

గడ్డలలో అధికభాగం క్యాన్సర్ కావు. అయితే ఆ మాట తేల్చవలసినది స్కానింగు, సూది పరీక్షలే గాని పొరుగింటివారు కాదు. ముప్పై దాటిన స్త్రీలకు 65 ఏళ్ల వరకు అయిదేళ్లకొకసారి రొమ్ము పరీక్ష జాతీయ కార్యక్రమంలో ఉన్నది. గడ్డ తగిలినవారు మాత్రం ఆ గడువుకై ఆగరాదు.

భాష గురించి ఒక మాట. కన్నడంలో ‘గడ్డ’ అంటే గడ్డం! బెంగళూరు నర్సుతో ‘గడ్డె’ అనవలెను; చెన్నైలో ‘కట్టి’.