మన పేరు ఎవరు రాస్తున్నారు?

(కోట, వాకాడు వైపు తీరప్రాంతంలోని ఒక దళితవాడలో ఇటీవల జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రం కుదించి ఇస్తున్నాం.)



నన్ను పిలిచింది ఉపన్యాసం కోసం కాదు, పంచాయితీ చెయ్యమని. సంగతి మీ అందరికీ తెలిసిందే. మన వాడలో డిగ్రీ పాసయిన అబ్బాయి ఒకడు ఈ జనవరి 26న బస్టాపు గోడకు ఒక కాయితం అతికించినాడు. నోటుబుక్కు కాయితాలు నాలుగు కలిపి, స్కెచ్ పెన్నుతో రాసి, కింద ఇంటిపేరుతో సహా తన పేరు పెట్టుకున్నాడు. తెల్లారేసరికి ఆ పేరు పక్కన ఎవరో పెన్సిలుతో ‘దేశద్రోహి’ అని రాసినారు. మూడోరోజుకు కాయితమే లేదు. తర్వాత ఊళ్ళోంచి కబురొచ్చింది, మీ వాణ్ణి అదుపులో పెట్టుకోండి అని. మన పెద్దోళ్ళు నా దగ్గరికొచ్చి, ‘అయివోరా, నువ్వు చెబితే వింటాడు, మాన్పించు’ అన్నారు.

ఆ కాయితం నకలు నా జేబులో ఉంది. నాలుగుసార్లు చదివినాను. అందులో కొన్ని మాటలతో నాకు తగువుంది. అయినా మాన్పించే పని నేను చెయ్యను. ఎందుకు చెయ్యనో చెప్పాలి కదా, అందుకే నిలబడ్డాను.

మొదట వాడు చదువు గురించి రాసినాడు. మూడేళ్ళు డిగ్రీ చదివినాను, గైడు బట్టీ పట్టి పాసయినాను, నువ్వేమనుకుంటున్నావో ఒక పేజీ రాయమని మూడేళ్ళలో ఒక్కరు కూడా అడగలేదు, ఇప్పుడు రొయ్యల గుంట కాడ మేత చల్లతా ఉండాను, దీనికి సర్టిఫికెట్ ఎందుకు – ఇదీ వాడు రాసింది. వాళ్ళ నాయన నొచ్చుకున్నాడు. ఎనుము అమ్మి చదివిస్తే చదువునే తిడతాడా అని.

అన్నా, నీ కొడుకు చదువును తిట్టలేదు. నాలాంటి అయివోర్లను తిట్టినాడు. ఒప్పుకుంటున్నాను. నేను బడిలో జవాబులు బోర్డు మీద రాస్తాను, పిలకాయలు దించుకుంటారు. ‘మా ఊరు’ అనే వ్యాసం కూడా నేనే చెబుతాను. ఆ వ్యాసంలో ఊరి నడుమ గుడి ఉంటుంది, చుట్టూ పచ్చని కయ్యలుంటాయి, చెరువుంటుంది. మన వాడ ఉండదు. అది రాసే పిల్లల్లో సగంమంది వాడ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు కూడా వాడ లేని ఊరినే రాసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుంటారు. ఇన్నేళ్ళుగా చెబుతున్నా నాకిది తట్టలేదు. ఈ కాయితం చదివినాకే తట్టింది.

అసలు మన పేర్లు కాయితం మీదికి ఎట్లా ఎక్కినాయి? కరణం లెక్కల్లో ఎక్కినాయి, శావుకారి పద్దులో ఎక్కినాయి. మన పక్కనే ఉన్న యానాది, ఎరుకల అన్నదమ్ముల సంగతి ఇంకా ఘోరం. తెల్లోడు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చినాడు. 1911లో తెచ్చిన చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, అంటే మన నెల్లూరు జిల్లాకు. ఫలానా కులంలో పుడితే చాలు, పేరు పోలీసు రిజిస్టర్లో ఉండాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. మన కావలిలోనే ఆ చట్టం కింద సెటిల్‌మెంటు నడిచింది. స్వతంత్రం వచ్చి ఐదేళ్ళయినాక, 1952లోగానీ ఆ చట్టం పోలేదు. బడి రిజిస్టర్లో పేరు లేని మనిషికి పోలీసు రిజిస్టర్లో పేరు ఉండేది.

నా సంగతి చెబుతాను. నా సర్టిఫికెట్లో నేను పుట్టింది జూలై 1. ఈ సభలో జూలై 1న పుట్టినవాళ్ళు చేతులెత్తండి చూద్దాం. (సభలో నవ్వులు) చూసినారా, వాడంతా ఒకేరోజు పుట్టింది! మా అమ్మ మాత్రం నేను తుఫాను రోజుల్లో పుట్టినానంటది, గుడిసె పైకప్పు లేచిపోయిన కార్తీకంలో అంటది. బళ్ళో చేర్చినరోజు ఆమెను అడిగినోళ్ళు లేరు, ఆమె చెప్పినా రాసినోళ్ళు లేరు. ఇప్పుడు ఆ రిజిస్టరు నా చేతిలో ఉంది. ఎవరి తల్లి వచ్చినా కూర్చోబెట్టి, ఏ పంటప్పుడు పుట్టినాడు, ఏ తిరణాలకు ఎన్ని నెలల పిల్లోడు అని అడిగి రాస్తున్నాను. చిన్నపనే. చదువు వల్ల నేను చెయ్యగలిగిన పనుల్లో అదొకటి.

చదువుకు ఇంకా పెద్ద పని ఉందని మన జిల్లాలో చూపించినోళ్ళు పట్టాలు పుచ్చుకున్నోళ్ళు కాదు, కూలి ఆడోళ్ళు. కలిగిరి మండలం దూబగుంట. 1991 ప్రాంతంలో మన జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రిబడులు పెట్టినారు. పగలంతా నాట్లేసి, కలుపు తీసి, రాత్రి లాంతరు కింద పలక పట్టినారు. మా అమ్మ గూడా పోయేది. నేను పక్కన కూర్చొని లాంతరు ఒత్తి ఎగదోసేవాణ్ణి. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఆడమనిషి కథ. దూబగుంటలో అది చదివినోళ్ళు, ఇది సీతమ్మ కథ కాదు, మన కథే అనుకున్నారు. రోశమ్మ లాంటోళ్ళు ముందు నిలబడినారు, సారాయంగడి మూయించినారు.

తర్వాత జరిగింది జాగ్రత్తగా వినండి. దూబగుంట ఆడోళ్ళు చేసిన పని మళ్ళీ పాఠంగా అచ్చయింది. మిగతా ఊళ్ళ రాత్రిబడుల్లో ఆ పాఠం చదివినారు. చదివినోళ్ళు, వాళ్ళు చెయ్యగా లేంది మనకేమని లేచినారు. 1992లో నెల్లూరులో సారాయి వేలంపాటలు సాగనీకుండా అడ్డం పడినారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి బంద్. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేసినారు, దానిమీద ఇంకోసారి మాట్లాడుకుందాం. నేను చెప్పేది ఒకటే. ఆ పాఠం అచ్చు కాకుంటే దూబగుంట సంగతి దూబగుంటలోనే ఉండిపోయేది. రాస్తే ఏమొస్తుందిరా అని అడిగే పెద్దోళ్ళకు మన జిల్లా చెప్పే జవాబు ఇది.

ఇక రెండో మాట, దేశం. పెన్సిలోడికి కోపం వచ్చింది ఇక్కడే. వాడేం రాసినాడు? ‘మా తాత చనిపోతే శ్మశానానికి దారి లేక, నడుముల్లోతు నీళ్ళలో కాలవ దాటించినాము. ఆ దారి కలుపుకున్నోళ్ళే బడి కాడ జెండా ఎత్తి, దేశం మనదంటారు. ఈ దేశం నాదెట్లా అవుతుంది?’ అని రాసినాడు.

ఇందులో దేశద్రోహం ఏముంది? దారి కలుపుకున్నోడు దేశభక్తుడా, దారి అడిగినోడు ద్రోహా?

ఈ ప్రశ్న కొత్తది గూడా కాదు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీ గారిని కలిసినప్పుడు బాబాసాహెబ్, నాకు మాతృభూమి అంటూ లేదని ఆయన మొహం మీదే చెప్పినాడు. అంతకు పదేళ్ళ ముందు, గరిమెళ్ళ సత్యనారాయణ గారు తెల్లదొరతనం వద్దని పాట కట్టి ఊరూరా పాడుతున్న రోజుల్లో, రాజమండ్రి నుంచి మన కుసుమ ధర్మన్న ఈ నల్లదొరతనం మాకొద్దని జవాబుపాట కట్టినాడు. తెల్లోణ్ణి ఉండిపొమ్మనే ఉద్దేశం ఆయనకు లేదు. తెల్లోడు పోయినాక మా మెడమీద కూర్చునేది ఎవరో ముందే చెప్పండి అన్నాడు. ఆ లెక్క ఇంకా తేలలేదు.

మన కళ్ళముందు సంగతి చూడండి. మేడ మీదికెక్కితే శ్రీహరికోటలో లేచే రాకెట్టు కనపడుతుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినరోజు నా బడి పిల్లలందరినీ మైదానంలో నిలబెట్టి చూపించినాను. చప్పట్లు కొట్టినాము. నాకూ ఒళ్ళు పులకరించింది, దాచుకోను. కానీ ఆ దీవిలో తరతరాలుగా యానాదులు బతికినారు. 1969లో ఆ చోటును రాకెట్ల కోసం ఎంపిక చేసినారు, 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. ఊళ్ళు ఖాళీ అయినాయి. యానాదుల మీద వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి మంచిమనుషులు పుస్తకాలు రాసినారు. వాళ్ళ మేలు మరవకూడదు. అయితే ఆ దీవిలోంచి బయటికొచ్చిన యానాది తల్లి, నేను ఫలానారోజు ఇల్లు వదిలినాను, నా చెట్టు ఇది, నా తావు ఇది అని చెప్పిన మాటలు మన పిల్లల పాఠంలో ఉన్నాయా? రాకెట్టు బొమ్మ ఉంది. దేశగౌరవంలో ఆమె ఇచ్చిన వాటా ఎక్కడా జమ కాలేదు.

అబ్బయ్యా, ఇప్పుడు నీతో నా తగువు. ‘ఈ దేశం నాది కాదు’ అని తీర్మానం చేసినావు చూడు, కాయితం చివర, అది నేను ఒప్పుకోను. నువ్వు వదులుకుంటే సంతోషపడేది ఎవరు? దారి కలుపుకున్నోడే. మాతృభూమి లేదన్న బాబాసాహెబే 1947 ఆగస్టులో రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడుగా కూర్చున్నాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో మాట్లాడుతూ, వేల కులాలుగా చీలినోళ్ళు ఒక జాతి ఎట్లా అవుతారని అడిగినాడు, కులాలే జాతికి విరోధులని అర్థం వచ్చేట్టు చెప్పినాడు. అంటే జాతి ఇంకా తయారు కావాల్సిందే. ఆ పనికి అడ్డం పడేది కులం. నీ కాయితం కింద పెన్సిలుతో రాసినోడికి ఈ లెక్క ప్రకారం ఏం పేరు పెట్టాలో మీరే ఆలోచించండి. నువ్వు అంటించింది జనవరి 26న కదా? ఆ రోజు మనకు వచ్చిన పుస్తకంలో 17వ అధికరణం ఉంది, అంటరానితనం నేరమని. 19వ అధికరణం ఉంది, నీ మాట నువ్వు చెప్పుకోవచ్చని. వాటి మీద నిలబడి దారి అడుగు. ‘నాది కాదు’ అనకు, ‘నా వాటా ఏది’ అను.

రోహిత్ వేముల సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న గుంటూరు పిల్లోడు. నక్షత్రాల గురించి, సైన్సు గురించి రాసే రచయిత కావాలనుకున్నాడు. 2015లో ఒక కేంద్రమంత్రి ఢిల్లీకి రాసిన ఉత్తరంలో ఆ యూనివర్సిటీ రాజకీయాలకు ‘దేశవ్యతిరేక’ అనే ముద్ర వేసినాడు. ఫెలోషిప్ డబ్బు ఆగింది. ఐదుగుర్ని హాస్టల్ నుంచి వెళ్ళగొట్టినారు. వాళ్ళు క్యాంపస్‌లో డేరా వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టినారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. పోయినాక గూడా, అతనిది ఏ కులమో తేల్చండని ఏళ్ళ తరబడి కాయితాలు తిప్పినారు. పిలకాయలారా, అతను చదివినట్టు చదవండి, అతను రాయాలనుకున్నవి రాయండి. ప్రాణం మాత్రం ఎవరికీ అప్పచెప్పొద్దు. మనసు బాగలేనిరోజు అర్ధరాత్రయినా నా తలుపు కొట్టండి. ఇది సభ కోసం చెబుతున్న మాట కాదు.

మూడో సంగతి, భయం. కేసు పెడతారు, గుంటల కాడ పని మాన్పిస్తారు, రేపు ఆడబిడ్డ సంబంధానికి అడ్డం పడతారు. పెద్దోళ్ళ భయం ఉత్తది కాదు. నేను నెలజీతగాణ్ణి, నాకు సులువుగానే ఉంటుంది ధైర్యం చెప్పడం. అందుకని ధైర్యంగా ఉండండి అనను. తెలివిగా రాయండి అంటాను.

ఒక్కడి పేరుతో రాసినందుకే ఒక్కణ్ణి పట్టుకున్నారు. ఇకమీద కాయితం కింద సంఘం పేరు, పదిమంది సంతకాలు ఉండాలి. ఆడోళ్ళవి సగం ఉండాలి. ‘ఊరోళ్ళు దుర్మార్గులు’ లాంటి మాటలు కొట్టెయ్. దారి సర్వే నంబరు ఎంత, పటంలో వెడల్పు ఎంత, ఇప్పుడు మిగిలింది ఎంత, అది రాయి. అది తెలియకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద తాసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టు. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. గోడకు అంటించేముందు నకలు మూడు తీసి మూడిళ్ళలో పెట్టండి, చించితే మళ్ళీ అంటించొచ్చు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక పెట్టినప్పుడు, డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటామన్నా కేసరి పత్రిక వెయ్యలేదు. అప్పుడాయనకు ఇరవైతొమ్మిదేళ్ళు నిండలేదు. మనకు బస్టాపు గోడ ఉంది. అది పంచాయతీది, అంటే మనది గూడా.

అన్నా, పంచాయితీ చెప్పమన్నారు కదా, చెబుతున్నాను. వాడు క్షమాపణ చెప్పడు. వచ్చే ఆదివారం కొత్త కాయితం అంటిస్తాడు. మొదటి సంతకం నాది. నా ఉద్యోగం మీదికేమన్నా వస్తే అది నేను చూసుకుంటాను.

ఇప్పటికే చాలాసేపు మాట్లాడినాను. శ్మశానం దారి ఏ సంవత్సరం మూసినారో, అంతకుముందు బండి ఎటుపోయేదో వెనక కూర్చున్న పెద్దమ్మకు బాగా తెలుసు. ఆమె ఎప్పుడూ మైకు ముందుకు రాలేదు. పెద్దమ్మా, ఇట్లా రా, కూర్చొనే మాట్లాడు. అబ్బయ్యా, నోటుబుక్కు తెచ్చుకో, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో.