పుస్తకములో పేరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీల జీవనోపాధిని గురించీ, యువకుల జీవనోపాధిని గురించీ నాలుగు మాటలు చెప్పవలసిందని మన కార్యదర్శిగారు కోరినారు. విషయము చాలా పెద్దది. పెద్ద చదువులు చదివినవారు దీనిమీద గ్రంథాలే వ్రాసినారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదురుకొన్నవాణ్ణి. నాకు తెలిసినవి రిజిస్టర్లు. కాబట్టి రిజిస్టర్లు వ్రాసేవాడి కంటికి ఈ సమస్య ఎట్లా కనబడుతుందో అట్లాగే మనవి చేస్తాను.

మన ఆడవారికి పని లేదని అంటూ ఉంటారు. నేను ఒప్పుకోను. పని తరతరాలుగా ఉన్నది. ఆ పని ఏ పుస్తకములోనైనా వారి పేర వ్రాసి ఉన్నదా అన్నదే ప్రశ్న. మా ఆఫీసులో ఒక ఖలాసీ పెన్షనుకు వచ్చినాడంటే, ముప్పై ఏండ్ల క్రిందట చేరిన రోజున సర్వీసు పుస్తకములో ఏమి వ్రాసినారో అది తీసి చూస్తారు. అతడు ఎంత కష్టపడినాడని ఎవరూ అడగరు. వ్రాసి ఉంటే ఇస్తారు, లేకుంటే లేదు. అన్యాయమనిపించినా లోకము నడిచే తీరు అది.

మన షోలాపూరు సంగతే చూడండి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వైపులనుంచి మన తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు మగవారు మగ్గాలకు, మిల్లులకు పోయినారు. ఆడవారు బీడీలకు కూర్చున్నారు. పెద్ద మిల్లులు మూతబడినాయి. చేతిమగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చినాయి, వాటిలోనూ అందరికీ పని దొరకటం లేదు. ఇన్ని మారినా తూర్పు పేటలలో ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగించినది ఆ బీడీల చేటే. తునికాకు తడిపి, కత్తెరతో కొలత ప్రకారము కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడిచి, వెయ్యి లెక్క పెట్టుకొని తెల్లవారి బ్రాంచికి తీసుకొని పోవాలి. అక్కడ గుమాస్తా లెక్క చూస్తాడు. బాగా లేవని కొన్ని తీసి అవతల పెడతాడు. ఆకు చాలకపోతే చేతి డబ్బు పెట్టి కొనవలసింది ఆమే. ఈ సంగతి మీకు నాకంటె బాగా తెలుసు. నేను చెప్పదలచినది దాని వెనుకనున్న ఒక చట్టపు కథ.

చాలా కాలము యజమానుల వాదన ఏమంటే, ఈ స్త్రీలు తమ ఇండ్లలో కూర్చుని, తమకు తోచిన వేళకు చుట్టుతారు, వీరు మా పనివారే కారని. 1966లో బీడీ కార్మికుల చట్టము వచ్చి, ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగానే లెక్కించింది. యజమానులు కోర్టుకు పోయినారు. 1974లో సుప్రీంకోర్టు చట్టము నిలుస్తుందని చెప్పింది. తరువాత ప్రావిడెంటు ఫండు మాట వచ్చినప్పుడు మళ్ళీ అదే వాదన. 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమాధానము నాకు ఎంతో ముచ్చటైనది. బాగా లేని బీడీలను తీసివేసే అధికారము మీ చేతిలో ఉన్నది గదా, పనిమీద పెత్తనమున్నదని చెప్పటానికి ఆ అధికారమే చాలునని దాని సారాంశము. మన అక్కలను ప్రతి ఉదయము ఏడిపించే ఆ తీసివేతే వారు కార్మికులని రుజువు చేసింది! 1966 నాటి ఆ చట్టము 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త లేబర్ కోడులలో కలిసిపోయినది. చట్టము పేరు మారినా లాగ్‌బుక్కు, గుర్తింపు కార్డు, పి.ఎఫ్. నంబరు అనే మూడింటి విలువ తగ్గలేదు.

ఇట్లాటి పోరాటము అహమ్మదాబాదులో మరొక తీరున జరిగింది. అక్కడ ఇలా భట్ అనే న్యాయవాది తలమోత స్త్రీలను, పాత బట్టలు అమ్మేవారిని, కుట్టుపనివారిని చేర్చి సంఘము పెట్టబోతే, మీకు యజమాని ఎవరూ లేరు గదా, యూనియన్ ఎవరిమీద అని లేబరు శాఖవారు రిజిస్టరు చేయటానికి ఒప్పుకోలేదు. సంఘము అనేది ఒకరిమీద కాదు, పనివారి ఐకమత్యము కోసమని ఆమె వాదించి గెలిచినారు. 1972లో "సేవా" రిజిస్టరైంది. 1974లో ఆ స్త్రీలే, 4,000 మంది, తలకు 10 రూపాయల వాటా వేసుకొని సొంత బ్యాంకు పెట్టుకొన్నారు. సంతకము రానివారికి ఫొటోతో కూడిన కార్డు ఇచ్చినారు. సంతకము రాదనే సాకుతో ఎవరినీ వెనక్కు పంపకుండా ఉండటానికి ఇంత చిన్న ఉపాయము చాలింది.

బొంబాయి గిర్‌గాములో 1959 మార్చి 15న ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టిన లిజ్జత్ సంగతి మీరందరూ వినే ఉంటారు. అక్కడా పిండి కేంద్రములో తీసుకొని ఇంట్లో ఒత్తి మరునాడు అప్పజెప్పటమే. చూడబోతే మన బీడీ పద్ధతే. తేడా ఒక్కటి. అక్కడ ఒత్తే ఆమె పేరు యజమానుల పట్టీలో ఉంటుంది.

ఇక మన ఇండ్లలోకి వస్తాను. ఇందులో యజమానుల తప్పు లేదు కనుక ఎవరికైనా నొప్పి కలిగితే మన్నించండి. చాలా ఇండ్లలో అత్త, కోడలు, పెద్దమ్మాయి ముగ్గురూ చుట్టుతారు; కార్డు మాత్రము అత్త పేర ఒక్కటే ఉంటుంది. ముగ్గురి కష్టము ఒకరి లెక్కలో పడుతుంది. అత్తకు పెన్షను వస్తుంది, సంతోషమే. కోడలు పదిహేనేండ్లు చుట్టి కూడా కాగితము ప్రకారము ఒక్కరోజు పని చేయలేదు! ఈ పెన్షనుకు కనీసము 10 సంవత్సరాల సర్వీసు కావాలి. 2014 సెప్టెంబరునుంచి కనీస పెన్షను నెలకు 1,000 రూపాయలు. చిన్న మొత్తమే, అయినా ముసలితనములో మందుబిళ్ళలకు కొడుకు ముందు చేయి చాచకుండా ఉండటానికి ఆ చిన్న మొత్తమే ఆధారము.

రెండవ చిక్కు పేర్లది. మన తెలుగు వాడుకలో ఇంటిపేరు ముందు. ఇక్కడి మరాఠీ వాడుకలో ముందు తన పేరు, నడుమ తండ్రి లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. పెండ్లి కాగానే నడిమి పేరు, చివరి పేరు రెండూ మారుతాయి. కొన్ని ఇండ్లలో మరాఠీవారి మాదిరి అసలు పేరే మార్చి పిలుస్తారు. బ్రాంచిలో చేరినప్పుడు లక్ష్మి, బ్యాంకులో లక్ష్మీబాయి, ఆధార్ కార్డులో లక్ష్మవ్వ. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1, మరొకచోట జూన్ 1. మనకు ముగ్గురూ ఒక్కరే. కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. డబ్బు ఉన్నచోటనే ఉంటుంది, చేతికి రాదు. రెండు సంస్కృతుల నడుమ బ్రతుకుతున్నందుకు మనము కట్టే పన్ను ఇది. అరవై ఏండ్లు వచ్చినాక దిద్దించుకోవటము కష్టము, ఎందుకంటే అప్పటికి బ్రాంచి మూతబడి ఉండవచ్చు, సంతకము పెట్టవలసినవారు ఉండకపోవచ్చు. ముప్పైలోనే దిద్దించుకోవాలి.

బీడీ లేని ఇండ్లలో స్త్రీలు స్కూలు యూనిఫారాలు కుట్టుతారు, బొత్తాలు వేస్తారు. వారికి పి.ఎఫ్. లేకపోతే, 16 నుంచి 59 ఏండ్ల లోపువారు 2021లో వచ్చిన ఈ-శ్రమ్ పట్టీలో పేరు వ్రాయించుకోవచ్చు. అది ఉద్యోగము ఇవ్వదు. ఫలానా ఆమె ఫలానా పని చేస్తున్నదని ప్రభుత్వపు పుస్తకములో ఒక పంక్తి పడుతుంది, అంతే. ఆ పంక్తి కూడా లేనివారు మనలో ఎందరో.

యువకుల విషయము క్లుప్తముగా చెపుతాను. పొగాకు ధూళిలో ఊపిరితిత్తులు పాడుచేసుకొనే ఈ పని మన కూతుండ్లకు అక్కరలేదు. బీడీ ఎల్లకాలము ఉండదు, ఉండకూడదు కూడా. మరి మన పిల్లలు ఎక్కడికి పోతున్నారు? పూనాకో భివండికో పోయి ఏదో దుకాణములో, కార్ఖానాలో మూడేండ్లు ఉండి, ఒక్క చీటీ ముక్క లేకుండా తిరిగి వస్తారు. చేతికి పని వచ్చిందని నోటితో చెప్పుకోవలసిందే. దానికన్న, పది ప్యాసై ఐ.టి.ఐ. చేసిన పిల్లలు అప్రెంటిసుగా చేరటము మేలు. మా రైల్వేలో దీనికి వ్రాతపరీక్ష లేదు; మెట్రిక్, ఐ.టి.ఐ. మార్కులను బట్టి తీసుకొంటారు. సెంట్రల్ రైల్వే ప్రకటనలలో షోలాపూరు వారికి కుర్డువాడి వర్క్‌షాపు కూడా ఉంటూ వచ్చింది, ఇంటినుంచి దూరమేమీ కాదు. అప్రెంటిసు ముగించి సర్టిఫికెట్టు పొందినవారికి లెవెల్ వన్ నియామకాలలో 20 శాతము ఖాళీలు ప్రత్యేకిస్తున్నారు. తప్పక ఉద్యోగము వస్తుందని నేను చెప్పను. ఆ కాగితము వేరే కంపెనీలోనూ చెల్లుతుంది. ఆడపిల్లలకు ఈ దారి మూసిలేదు, ఐ.టి.ఐ.కి పంపటానికి మనమే జంకుతున్నాము.

ఇంత చెప్పి ఊరకుంటే లాభము లేదు. పండుగ వెళ్ళిన తరువాత వచ్చే నాలుగు ఆదివారాలు సంఘము గది ఉదయము 10 నుంచి 1 గంట వరకు తెరిచి ఉంచటానికి కార్యదర్శిగారు ఒప్పుకొన్నారు. నేనూ, మరి ఇద్దరు మిత్రులూ అక్కడ కూర్చుంటాము. అక్కలు లాగ్‌బుక్కు, పి.ఎఫ్. నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకము, వీలుంటే స్కూలు దాఖలా తీసుకొని రండి. ఎక్కడ ఏ పేరున్నదో పక్కపక్కన వ్రాసి, దిద్దవలసినదానికి దరఖాస్తు వ్రాసి ఇస్తాము. రుసుము లేదు. అత్తలు వచ్చేటప్పుడు కోడండ్లను కూడా వెంటబెట్టుకొని రావలసిందని ప్రత్యేకించి ప్రార్థన.

సెలవు.