120/80 అని రాసేముందు

 పట్టాలు అందుకుంటున్న కొత్త డాక్టర్లారా,  మీ వార్డుల గురించి మాట్లాడాల్సింది చాలా ఉంది.

నేను బోధన్ శక్కర్‌నగర్‌లో పెరిగాను. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లు పారాక చెరకు వచ్చింది, చెరకు వచ్చాక 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఫ్యాక్టరీ చుట్టూ మా ఇళ్లు వచ్చాయి. అప్పట్లో ఈ జిల్లా పిల్లలు డాక్టరు చదవాలంటే హైదరాబాదో వరంగలో పోవాలి. మీ నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల 2013లో మొదలైంది. ఆ తర్వాత రెండేళ్లకు, 2015 డిసెంబరులో, మా ఫ్యాక్టరీ మూతపడింది. చెరకునూ ఫ్యాక్టరీనీ నమ్ముకున్న ఇళ్లలోని పిల్లలు దుబాయి, మస్కట్, దమ్మామ్ దారి పట్టారు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో గల్ఫ్ డబ్బుతో చదివినవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల ఊసెందుకంటే, నేను చెప్పబోయే రోగి అలాంటి ఇంటివాడే.

బోధన్ దగ్గరి పల్లె. ముప్పై ఏళ్లు నిండలేదు. గల్ఫ్ మెడికల్‌లో బీపీ ఎక్కువుందని అన్‌ఫిట్ అన్నారు. ఎవరో చెబితే ఏదో బిళ్ల వేసుకుని మళ్లీ వెళ్లాడు. ఆ పూటకు బీపీ దిగింది, విమానం ఎక్కాడు. ఎండలో కడ్డీలు వంచే పని. కొన్నాళ్లకు కాళ్లు పట్టు తప్పి తిరిగొచ్చాడు. నా దగ్గరికి భార్య భుజం ఆసరాతో వచ్చాడు. "పొద్దుగాల లేస్తే కాళ్లు లేస్తలేవు సార్. నరాలు గుంజుతున్నయి. ఎన్ని సూదులు ఇప్పిచ్చినా తక్కువైతలేదు" అన్నదామె. ఆమె సంచిలో నరాల బలహీనతకని రాసిన విటమిన్ ఇంజెక్షన్ల చీటీలు బోలెడున్నాయి. చాలావాటి మీద బీపీ రాసే గడి ఖాళీ. నిండిన గడుల్లో ఉన్నది ఒకటే: 120/80. ఆ రోజు నేను చూస్తే 190/120. రక్తంలో పొటాషియం 2.4. అతని నరాలకు ఏ రోగమూ లేదు. ఎడమ మూత్రపిండం మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథిలో చిన్న కణితి ఉంది. అది ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును అడ్డూ అదుపూ లేకుండా తయారు చేస్తోంది. ఆ హార్మోను ఉప్పును ఒంట్లో పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. ఉప్పు నిలిస్తే బీపీ ఎక్కుతుంది, పొటాషియం పోతే కండరాలు చచ్చుబడతాయి. కణితి తీసేశాక అతను నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఈ జబ్బును మొదట గుర్తించింది అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరోమ్ కాన్. 1954లో ఆయన దగ్గరికి 34 ఏళ్ల స్త్రీ వచ్చింది. కండరాలు పట్టేయడం, ఉండుండి కాళ్లు చచ్చుబడటం, పైగా బీపీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాన్, సైనికుల ఒళ్లు ఉక్కపోతకు ఎలా అలవాటు పడుతుందో చూడటానికి చెమటలో ఉప్పు కొలిచాడు. వేడికి అలవాటు పడ్డ ఒంట్లో అడ్రినల్ గ్రంథి పని మీదుంటుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఎండలో పనిచేయని ఈమె చెమటలోనూ ఉప్పు తక్కువే ఉండేసరికి ఆయన ఆగాడు. నెలల తరబడి ఆమె చెమట, లాలాజలం, మూత్రం కొలుస్తూ పోయి, చివరకు శస్త్రచికిత్స చేయిస్తే కణితి దొరికింది. దాన్ని తీసేశాక ఆమె కోలుకుంది. చెరకు నరికేవాళ్లను, మే నెల ఎండలో కల్లాల్లో పసుపు ఆరబోసేవాళ్లను చూసే మీకు చెమట గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాన్ గొప్పతనమల్లా తను కొలిచిన అంకెను నమ్మడం, అది ఎందుకలా ఉందని అడగడం.

ఇది ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే జబ్బని పరీక్షల కోసం చదివి మర్చిపోయి ఉంటారు. బీపీ ఉన్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి మూలం ఇదే. మూడు రకాల మందులకూ లొంగని బీపీలో ఐదుగురిలో ఒకరి దాకా ఉండొచ్చు. బీపీ అంతే ఉన్న మామూలు రోగితో పోలిస్తే వీళ్లకు పక్షవాతం ముప్పు రెండున్నర రెట్లు. పొటాషియం మామూలుగా ఉంది కదా అని వదిలేయకండి, సగానికి పైగా రోగుల్లో అది మామూలుగానే ఉంటుంది. అందుకే అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆల్డోస్టిరాన్, రెనిన్ ఒకసారి చూడమంది. కణితి తీస్తే పొటాషియం దాదాపు అందరికీ సర్దుకుంటుంది. బీపీ బిళ్లలు పూర్తిగా మానేయగలిగేది మూడో వంతుకు కాస్త పైమాటే. శస్త్రచికిత్స కుదరనివాళ్లకు స్పైరనోలాక్టోన్ ఉంది, ఖరీదైన మందేమీ కాదు.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను. ఏ కాలేజీకి పిలిచినా ఇది ఎత్తుతాను, ఇక మీదటా ఎత్తుతూనే ఉంటాను. ఏ ఊళ్లోనైనా సరే, జనరల్ వార్డుకు వెళ్లి కేస్‌షీట్ తెరవండి. పొద్దున ఆరింటికి 120/80. మధ్యాహ్నం రెండింటికి 120/80. రాత్రి పదింటికి 120/80. పక్క మంచం ముసలాయనకు అదే, ఆ పక్కన విరిగిన కాలితో మూలుగుతున్న కుర్రాడికీ అదే. వార్డులో ఇరవై మంది ఉంటే ఇరవై మందికీ ఒకటే బీపీ ఎలా వస్తుంది నాయనా? మనిషి బీపీ గడియ గడియకూ మారుతుంది. నిద్రలో దిగుతుంది, నొప్పికి ఎక్కుతుంది, మీ తెల్లకోటు చూస్తేనే ఎక్కుతుంది. చేతి మిషన్‌ను రెండేసి అంకెల చొప్పున చదవాలని మీకు నేర్పారు. అలా చదివితే చివర సున్నా పడేది ఐదుసార్లకు ఒకసారి. మన రిజిస్టర్లలో సున్నా తప్ప మరో అంకె కనబడదు. అంటే చూడకుండా రాసినవి కొన్ని, చూసి కూడా గుండ్రంగా సర్ది రాసినవి కొన్ని. ఆ సర్దిన అంకె వెనకాలే నా రోగి ఏళ్ల తరబడి కనబడకుండా ఉండిపోయాడు.

మీకు తెలియదని కాదు, తెలిసీ వదిలేస్తారని చెబుతున్నాను. రోగిని ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆన్చి కూర్చోబెట్టండి. కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అంతకు ముందు అరగంటలో బీడీ గానీ చాయ్ గానీ తాగి ఉండకూడదు. కఫ్‌లోని రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ వస్తుంది. మొదటిసారి వచ్చినవాడికి రెండు చేతులకూ చూడండి, కుర్రవాడైతే తొడ దగ్గర నాడి కూడా పట్టి చూడండి. "ఓపీలో రెండు వందల మంది ఉంటారు సార్, టైమెక్కడిది?" అంటారు. ఆ ఓపీల్లోనే నేనూ జుట్టు నెరిపించుకున్నాను. అందరికీ కుదరదు, ఒప్పుకుంటాను. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడిని చూసి తర్వాతి డాక్టరైనా కఫ్ కట్టొచ్చు. దొంగ అంకె పడ్డాక ఎవడూ కట్టడు.

ఒకసారి చూసి మామూలుగా ఉందని వదిలేసినా చిక్కే. బీడీలు చుట్టే ఒకామెకు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ఒళ్లంతా చెమట, గుండె దడదడ. పావుగంటలో అంతా తగ్గిపోయేది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు. మామూలప్పుడు ఎవరు చూసినా బీపీ బాగానే ఉండేది. మా వార్డులో ఉండగా ఒక రాత్రి డ్యూటీ నర్సు ఆ నొప్పి మధ్యలోనే కఫ్ కట్టి 230 చూసింది. అదే అడ్రినల్ గ్రంథి లోపలి భాగంలో పుట్టే ఫియోక్రోమోసైటోమా అనే కణితి అది. ఇది నిజంగానే అరుదు, బీపీ ఉన్న వెయ్యి మందిలో ఆరుగురికి మించదు. గుండెదడ చూసి ముందే బీటా బ్లాకర్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఆల్ఫా బ్లాకర్ ముందుండాలి. ఇలాంటి రోగుల్లో మూడో వంతు మందికి అది పుట్టుకతో వచ్చిన జన్యువు వల్లే, కనుక ఇంట్లో మిగతావాళ్లనూ పిలిపించండి. ఆ రాత్రి నిద్ర ఆపుకుని కఫ్ కట్టిన నర్సుకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఈ కణితికి మన నరాలతో ఒక చుట్టరికం ఉంది. అడ్రినల్ లోపలి కణాలూ కొన్ని నరాల కణాలూ గర్భస్థ పిండంలో న్యూరల్ క్రెస్ట్ అనే ఒకే చోటు నుంచి పుడతాయి. 1976లో గ్రీన్, టిష్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక ఫియోక్రోమోసైటోమా నుంచి పీసీ 12 అనే కణాల వరసను తయారు చేశారు. నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ తగిలిస్తే ఆ కణాలు విభజన ఆపేసి, పసుపు కొమ్ము మొలకెత్తినట్టు పోగులు సాచి, నరాల కణాల్లా ప్రవర్తించాయి. ఆ ఫ్యాక్టర్‌ను కనిపెట్టి 1986లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరు రీటా లెవీ మోంటాల్చీని. ముస్సోలినీ చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల్లోంచి వెళ్లగొడితే, ఆమె ఇంట్లో పడకగదినే ప్రయోగశాల చేసుకుని కోడి పిండాల మీద పనిచేసింది. నిజామాబాద్‌లో పరిశోధన ఎలా చేస్తాం సార్ అని అడిగేవాళ్లకు ఆ పడకగదిని గుర్తు చేస్తుంటాను.

నరాల కణాలను కాపాడే మందులను చాలాచోట్ల మొదట పరీక్షించేది ఈ పీసీ 12 మీదే. మన పసుపులోని కర్క్యుమిన్‌నూ పరీక్షించారు. గిన్నెలో ఆ కణాలను విషాల నుంచి కాపాడిందని చాలా పత్రాలు వచ్చాయి. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025లో మన ఊళ్లోనే తెరిచారు, ఆర్మూరు, బాల్కొండ రైతుకు గిట్టుబాటు ధర రావాలని మీకంటే నాకే ఎక్కువ ఆశ. అయినా డాక్టరుగా ఒక మాట చెప్పాలి. కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేదే తక్కువ, ఎక్కింది కూడా త్వరగా మారిపోతుంది. గిన్నెలో గెలిచినవన్నీ మనిషిలో గెలవవు. 2006 నాటికే పక్షవాతానికి ప్రయోగాల్లో పరీక్షించిన చికిత్సలు 1,026 అని లెక్క తేల్చారు. నరాల కణాలను కాపాడే మందుగా ప్రపంచమంతా ఒప్పుకున్నది వాటిలో ఒక్కటీ నిలవలేదు. మెదడులో పెద్ద రక్తనాళం పూడుకుంటే నిమిషానికి 19 లక్షల నరాల కణాలు చచ్చిపోతాయి. కనుక పసుపు కూరలో వేసుకోండి. బీపీ బిళ్ల మానేసి కర్క్యుమిన్ క్యాప్సూల్ మింగుతానన్న రోగిని మాత్రం కుర్చీలోంచి లేవనివ్వకండి.

కణాలను కాపాడేది ఏదీ లేదా అంటే ఉంది. చైనా పల్లెల్లో 326 ఊళ్లలో దాదాపు 34,000 మంది బీపీ రోగుల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. సగం ఊళ్లలో గ్రామ వైద్యులే, అంటే మన ఎంబీబీఎస్ లాంటి చదువు లేనివాళ్లే, నియమం ప్రకారం బీపీ కొలిచి, మందులు పెంచుతూ తగ్గిస్తూ పోయారు. నాలుగేళ్లకు ఆ ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది. 2025లో నేచర్ మెడిసిన్‌లో అచ్చయింది, వెతికి చదవండి. ఏ కొత్త అణువూ కాదు, ఏ జన్యు చికిత్సా కాదు. కఫ్, రోజూ దొరికే బిళ్లలు, ఉన్నది ఉన్నట్టు రాసిన అంకె. ఇంతవరకూ మన చేతికి అందిన వాటిలో నరాల కణాలను కాపాడే అతి గట్టి మందు అదే.

2017లో కేంద్రం బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బిళ్లలు పీహెచ్‌సీల దాకా వచ్చాయి, రిజిస్టర్లు వచ్చాయి. ఇక కావాల్సింది వాటిలో నిజం రాసేవాళ్లు. వర్నిలోనో, కోటగిరిలోనో, రెంజల్‌లోనో పోస్టింగ్ వస్తే మొహం మాడ్చుకోకండి. అక్కడ ఒక లెక్క తీయండి: గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లలో బీపీ ఉన్నవాళ్లు ఎందరు, వాళ్లలో పొటాషియం తక్కువున్నవాళ్లు ఎందరు, ఆల్డోస్టిరాన్ పరీక్షకు హైదరాబాద్ పంపితే తేలింది ఎందరికి? ఒక నోట్‌బుక్, ఒక కఫ్, ఏడాది ఓపిక చాలు. బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో రుస్తుం జాల్ వకీల్ 1949లో సర్పగంధి బీపీని దించుతుందని ప్రపంచానికి చూపించింది యాభై మంది రోగుల మీదే. ఆ మొక్కలోంచి తీసిన రెసెర్పిన్‌తోనే తర్వాత స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త మెదడులో డోపమిన్ పనిని బయటపెట్టాడు, పార్కిన్‌సన్స్ వ్యాధికి మందు ఆ దారినే దొరికింది. వకీల్ నాడు కొలిచిన అంకెలు నిజమైనవి కాబట్టే ఆ దారి తెరుచుకుంది.

ఈ సాయంత్రం ఫొటోలు, బిర్యానీలు అయ్యాక ఇంటికి వెళ్లి అమ్మనూ నాన్ననూ కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు ఆగి రెండు చేతులకూ బీపీ చూడండి. 138/86 వస్తే 138/86 అనే రాయండి. సోమవారం వార్డుకు వెళ్లి మొదటి మంచం నుంచి ఆఖరి మంచం దాకా అలాగే చూసి, అలాగే రాయండి.