ఘనం మన పిల్లల చేతికి రావాలె
(లెక్కల టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలకు లెక్కల బుర్ర లేదనే మాట తరతరాలుగా వింటున్నాం. అబద్ధం. చెప్పులు కుట్టే తండ్రి చదును తోలులో పాదాన్ని చూస్తాడు. బుట్టలల్లే తల్లి వెదురు బద్దల్ని వంచి లోతు పుట్టిస్తది. ఇది ఘన జ్యామితి కాదా? దానికి పేరు పెట్టే అధికారమే మనకు దక్కలేదు.

బడిలో నల్లబల్ల చదునుగా ఉంటది. దానిమీద ఘనం గీసి, కనిపించని అంచుల్ని చుక్కల గీతలతో చూపిస్తాం. అవి అర్థంగాని పిల్ల సూత్రాన్ని బట్టీ పడ్తది.

జియోజీబ్రా సాఫ్ట్‌వేర్‌ను 2001లో ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టాడు. 2014లో అందులోకి మూడు కొలతల బొమ్మలు వచ్చాయి. విద్యార్థులకు, టీచర్లకు ఉచితం. ఒకసారి కంప్యూటర్లో ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తది. ఘనాన్ని అన్ని దిక్కులా తిప్పొచ్చు. విప్పి ఆరు చదరాలుగా పరచొచ్చు. మూలనుంచి ఎదురుమూలకు పోయే కర్ణానికి నడిమధ్యన లంబంగా కోస్తే క్రమ షడ్భుజి వస్తది! సుద్దముక్కతో దీన్ని ఎట్లా చూపుతాం?

కేరళ ప్రభుత్వ బడులు ఈ దారిలో నడుస్తున్నాయి. మనం ఎందుకు నడవం?

అయితే ఒక మాట. ఉచితమైనంత మాత్రాన అందరికీ అందదు. 1927లో మహద్ చెరువు నీళ్లను బాబాసాహెబ్ దోసిట పట్టింది దాహం కోసం కాదు, హక్కు కోసం. చదువూ ఉమ్మడి చెరువే. కంప్యూటర్ గదికి తాళం పడ్డ ప్రతి బడిలో తాళం తీయించాలె. తీసినాక, వెనక బెంచీలో కూర్చున్న మన ఆడపిల్ల చేతికే ముందుగా మౌస్ ఇయ్యాలె.