నురుగు సాధన: క్షురకర్మకు మొదటి పాఠము
(చెన్నూరు సభయందు చదివిన ప్రసంగము)



గోదావరి ఉత్తరవాహినియై ప్రవహించు ఈ చెన్నూరున, అగస్త్యేశ్వరుని సన్నిధానమున మనము కలిసికొనుట సంతోషకరము. ఈ పట్టణము 2016వ సంవత్సరమువరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ యేటి అక్టోబరు 11వ తేదీనుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. జిల్లా మారినను మన వృత్తి మారలేదు. ఏటియొడ్డున యాత్రికునకు తలనీలములు తీయు చేతులును, మందమఱ్ఱి, రామకృష్ణాపురము ప్రాంతముల బొగ్గుగనులలో పనిచేసి వచ్చు కార్మికునకు గడ్డము తీయు చేతులును మనవే.

విద్య, ఐకమత్యము, హక్కులు మొదలగు గొప్ప విషయములను గూర్చి పెద్దలు సెలవిచ్చెదరు. మేము మాత్రము చూచుటకు మిక్కిలి స్వల్పమైన యొక విషయము నెత్తికొంటిమి. అది గడ్డమునకు పూయు సబ్బునురుగు. ఇంతమంది కూడిన సభలో నురుగును గూర్చి ప్రసంగమేమని కొందఱు నవ్వవచ్చును. కాని మన వృత్తి గౌరవము నేడు నిలుచుటయో, జాఱుటయో యిట్టి చిన్న పనులయందే తేలుచున్నదని మా నమ్మకము.

నిజాము రాజ్యకాలమున దొరల గడీలలో మన పెద్దలు వెట్టి చేయవలసివచ్చినది. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యము భారతదేశమున కలిసినది. వెట్టిలో పనివాని నేర్పునకు విలువ లేదు. పిలిచిన తోడనే పోవుటయే కావలసినది. పంటకాలమున కళ్ళమువద్ద కొలిచిన గింజలతో ఏడాదియంతయు గడపిన దినములును పోయినవి. ఇప్పుడు మన దుకాణమునకు వచ్చువాడు తన యిష్టముచే వచ్చుచున్నాడు. ఇష్టము లేనిచో మఱియొక చోటికి పోవుచున్నాడు. పెద్ద కంపెనీలు అద్దముల మేడలలో క్షౌరశాలలు తెఱచినవి. వారి ధనముతో మనము పోటీపడలేము. చేతినేర్పుతో మాత్రము పోటీపడగలము. ఆ నేర్పునకు మొదటి మెట్టు నురుగు.

నురుగు చేయు పనియేమి? అది కత్తి జాఱుటకు మాత్రమే యని పలువురు తలంతురు. అసలు పని నీటిది. ఎండిన గడ్డపు వెండ్రుక గట్టిగా నుండి కత్తి నెదిరించును. నీటిని పీల్చుకొన్న వెండ్రుక యుబ్బి మెత్తబడి సులభముగా తెగును. ఇందులకు రెండు మూడు నిమిషములు పట్టును; వెచ్చని నీరైనచో మఱింత శీఘ్రముగా జరుగును. మన తాతలు సబ్బు నెఱుగక పూర్వమే యీ మర్మము నెఱిగియుండిరి. చెట్టునీడను కూర్చుండి, చిన్న గిన్నెలోని నీటితో వ్రేళ్ళు తడుపుకొని, గడ్డమును చాలసేపు మర్దించిన పిదపనే వారు పొదిలోనుండి కత్తి తీసెడివారు. తలనీలములు తీయునపుడు నేటికిని నీటితో తలను నానబెట్టుటయే ఆచారము. అయితే ఒట్టి నీరు ముఖముపై నిలువదు, జాఱును, ఆఱును. పైగా వెండ్రుకపై నున్న జిడ్డు నీటిని దరిజేరనీయదు. సబ్బు ఆ జిడ్డును విడిపించును. నురుగు ఆ నీటిని వెండ్రుకను అంటిపెట్టుకొని యుండునట్లు చేయును. కావున మంచి నురుగనగా ఎత్తుగా పొంగినది కాదు. నీటిని లోన నిలుపుకొన్నది.

గనికార్మికుని గడ్డము ఇందులకు మంచి తార్కాణము. బొగ్గుధూళి వెండ్రుకల నడుమ చేరియుండగా పైపైన నురుగు పూసినచో, ఆ ధూళి కత్తియంచును మొద్దుబఱచును, చర్మమును గీఱును. ముందుగా ముఖమును సబ్బుతో కడిగించి, పిదప క్రొత్త నురుగు పట్టింపవలయును. ఇది అదనపు పని కాదు; పనిలో సగభాగము.

ఇక నీటి గుణమును తెలిసికొనవలయును. బండల నడుమనుండి వచ్చు బోరునీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరిగియుండుట కలదు. అట్టి నీటిలో సబ్బు విఱిగి తెల్లని తెట్టెగా మాఱును, నురుగు రాదు. వాననీరు మెత్తనిది. పరీక్ష సులభము. ఒక గాజుసీసాలో సగమువఱకు నీరు పోసి, కొంచెము సబ్బుతురుము వేసి బాగుగా కుదుపుడు. నురుగు నిలిచి, క్రింది నీరు తేటగా నున్నచో ఆ నీరు మంచిది. నురుగు వెంటనే చచ్చి, నీరు పాలవలె విఱిగినచో కఠినమైనది. నీటిని కాచి, చల్లార్చి, తేర్చిన యెడల కఠినత్వములో కొంత భాగము అడుగున సున్నముగా దిగును. తక్కిన దానికి వాననీటిని పట్టి యుంచుకొనుటయో, శుద్ధిచేసిన నీటిని వాడుటయో మేలు. గడ్డమునకు కావలసినది కొలది చెంచాల నీరే గదా!

సబ్బులన్నియు నొక్కటి కావు. స్నానపు సబ్బు సామాన్యముగా సోడాక్షారముతో చేయబడి గట్టిగా నుండును. గడ్డపు సబ్బునందును, క్రీమునందును పొటాషుక్షారమును, స్టీరికు ఆమ్లమును హెచ్చుగా చేర్తురు. అందుచే నురుగు దట్టమై చాలసేపు నిలుచును. కొబ్బరినూనె పాలు హెచ్చైన సబ్బు త్వరగా పెద్ద బుడగలు చూపును గాని, ఆ బుడగలు త్వరగానే చచ్చును.

ఇప్పుడు సాధనక్రమమును విన్నవించుచున్నాము. కుంచె జంతురోమములదైనచో రెండు మూడు నిమిషములు వెచ్చని నీటిలో నానబెట్టవలయును. కృత్రిమపు పోచలదైనచో ముంచి తీసిన చాలును. తరువాత నీటిని పిండివేయవలయును. పిండని కుంచె మొదటి తప్పు. తొలుతనే నీరు హెచ్చైనచో నురుగు కాక సబ్బునీరు వచ్చును. శనగగింజంత క్రీమును గిన్నెలో వేసి, కుంచెతో మెల్లగా త్రిప్పుచు, నీటిని చుక్కలు చుక్కలుగా చేర్చవలయును. మొదట అది జిగురుగా, మెఱుపు లేక యుండును. క్రమముగా పెద్ద బుడగలు చిన్నవై, కంటికి కనబడక, మీగడవలె నిగనిగలాడును. కుంచె నెత్తినపుడు నురుగుకొన కొంచెము వంగవలయును. రెండు వ్రేళ్ళనడుమ రాచినపుడు జాఱవలయును. పట్టుకొన్నట్లుండినచో నీరు చాలదు. కాఱిపోయినచో నీరు మించినది.

నేర్చుకొనువారు కత్తి ముట్టకయే వారము దినములు దీనిని సాధింపవలయును. మూడు గిన్నెలు తీసికొని, ఒకే పరిమాణము క్రీమును మూడింటను వేసి, మొదటిదానిలో అఱచెంచా, రెండవదానిలో ఒక చెంచా, మూడవదానిలో రెండు చెంచాల నీటిని చుక్కలుగా కలిపి చూడుడు. అయిదు నిమిషములు కదపక విడిచి, ఏది నిలిచినదో, ఏది కూలినదో, ఏది ఎండినదో వ్రాసికొనుడు. పిదప తన ముంజేతిపైననే పూసి చూచుకొనవలయును. అభ్యాసము కూసువిద్య యని పెద్దలన్నారు. పరుల ముఖము మన పలక కారాదు.

మన కులమున సన్నాయి విద్వాంసులు కలరు. శ్రుతి కలుపక రాగము నెత్తుకొనువానిని వారు మెచ్చుదురా? నురుగు క్షురకర్మకు శ్రుతి. అది కుదిరినచో కత్తి తానే పాడును. కుదరనిచో ఎంత పదునైన కత్తియైనను అపస్వరమే.

ముఖముపై పూయునపుడు ముందు గుండ్రముగా త్రిప్పి వెండ్రుకను లేపి, తరువాత అడ్డముగా సవరింపవలయును. నిమిషమైనను నిలువనిచ్చి పిదప కత్తి పట్టవలయును. అందముకొఱకు గుట్టగా పూయుట వృథా. చర్మమునంటిన పలుచని పొరయే కాపాడును. ఎండినచోట మరల తడిపి పూయక కత్తి నడపరాదు.

కుంచెను గూర్చి ఒక హెచ్చరిక చేయక తప్పదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు, అమెరికా దేశములలో సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపు వెండ్రుకల చౌక కుంచెలవలన, పశువులకు వచ్చు దొమ్మరోగము, అనగా ఆంత్రాక్సు, గడ్డము గీసికొనిన మనుష్యులకు సోకినది, మరణములును సంభవించినవి. 1920లో బ్రిటిషు ప్రభుత్వము జపానునుండి వచ్చు గడ్డపు కుంచెల దిగుమతిని నిషేధించినది. నేడు ఆ భయము లేకున్నను, చర్మరోగముల భయము కలదు. గాటునుండి నెత్తురు తగిలినచో కామెర్లు కలిగించు హెపటైటిసు, ఎయిడ్సు వ్యాధికారకముల భయమును కలదు. ఒక్క కుంచెతో, ఒక్క గిన్నెతో పదిమంది గడ్డములు తడుపుట మన కులమునకు మచ్చ. ప్రతివానికిని వేఱు గిన్నెలో క్రొత్త నురుగు, శుద్ధమైన కుంచె, క్రొత్త బ్లేడు ఉండవలయును. కుంచెను సబ్బుతో కడిగి, క్రిమినాశక జలమున నుంచి, మరల మంచినీట కడిగి, కొన క్రిందికుండునట్లు వ్రేలాడదీసి ఆఱబెట్టవలయును. తగినన్ని కుంచెలు లేనిచో శుభ్రముగా కడిగిన చేతితోనే నురుగు పూయుట మేలు. ఒకే పటికరాయిని అందఱి ముఖములపై రాయుటయు మానవలయును.

డబ్బా నొక్కినచో పొంగు సిద్ధపునురుగు వచ్చినది గదా, ఈ శ్రమయెందులకని యువకులు అడుగవచ్చును. దానిని వాడుట తప్పు కాదు. కాని అది ఎవనిచేతనైనను ఒక్కటే. ఈ ముఖమునకు నీరు చాలదు, ఈ గడ్డమునకు ఇంకొక నిమిషము కావలయును అని తెలిసికొను జ్ఞానము డబ్బాలో దొరకదు. ఆ జ్ఞానమే మన యాస్తి. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి మన క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్లవఱకు ఉచిత విద్యుత్తును ప్రకటించినది. అందులకు కృతజ్ఞులము. అయితే ప్రభుత్వము దీపము వెలిగింపగలదు. ఆ వెలుతురున పనిచేయు చేతికి నేర్పు నీయజాలదు. అది మనలో పెద్దలు పిన్నలకు ఈయవలసినది.

కావున మా విన్నపములు రెండు. మంగళవారమున క్షౌరము కూడదను ఆచారముచే మన దుకాణములలో చాలభాగము మూసియుండును. నెలకొక మంగళవారము పూట, ప్రతి మండలమునను అనుభవజ్ఞులు కూర్చుండి పిన్నలకు నీటిపరీక్ష, నురుగు, కుంచెశుద్ధి నేర్పవలయును. నేర్పుటకు సిగ్గుపడరాదు, నేర్చుకొనుటకు నంతకంటె సిగ్గుపడరాదు. రెండవది, పోషక మహాశయులు సన్మానములకు, పూలదండలకు వెచ్చించు ధనములో కొంత తీసి, నేర్చుకొను ప్రతి బాలునకును రెండు గిన్నెలు, రెండు కుంచెలు, శుభ్రమైన తువాళ్ళు ఇప్పింపవలయును. దండ సాయంకాలమునకు వాడిపోవును. నేర్చిన చేయి ఒక కుటుంబమును నిలుపును.

మన యెదుట కన్నులు మూసికొని, మెడ చాచి కూర్చుండువాడు తన ప్రాణమును మన చేతులలో నుంచుచున్నాడు. అంత నమ్మకము పొందు వృత్తులు లోకమున కొలదియే. ఆ నమ్మకమునకు మనము చెల్లించు మొదటి కానుక, శ్రద్ధతో చేసిన గుప్పెడు నురుగు.